ఐదు నోళ్ళ పాట

చిట్టాపూర్,
20 ఫిబ్రవరి 2025.

మల్లిక వాళ్ళ నాయినకు,

వినోద రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నీ క్షేమం రోజూ ఫోన్లో వింటూనే ఉన్నాను. తిన్నావు, పన్నావు, డ్యూటీకి పోయావు. ఇరవై నాలుగేళ్ళుగా అవే మూడు ముక్కలు. ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్లో నీకు గిట్టని మాట రాగానే సిగ్నల్ లేదంటావు. కాగితానికి సిగ్నల్‌తో పనిలేదు. గంగాప్రసాద్ సెలవు అయిపోయి బహ్రెయిన్ వస్తున్నాడు కనుక అతని చేతికిస్తున్నాను. చదివి జవాబు రాయి.

మన పాట సంగతి. మన పాట అని ఎందుకు రాశానో, నా పాట. అందులో నువ్వు చేసిందేముంది, రాకపోవడం తప్ప.

నిన్న కరీంనగర్ నుంచి పాటల ఛానల్ వాళ్ళు తెల్లకారులో వచ్చి పాపాయమ్మ ఇంటి ముందు దిగారు. 'నువ్వు రాకపోతివి' పాటను మళ్ళీ చేస్తారట. ఇంతకుముందు పాడినవాళ్ళందరూ పైపై వాళ్ళట, ఈసారి పాట పుట్టిన గొంతుతోనే పాడిస్తారట. జూలైలో నాట్లు పడేటప్పుడు పాపాయమ్మను మడిలో దింపి చుట్టూ కెమెరాలు పెడతారట. అదీ ఆమె గొంతులో పుట్టిందట. దొంగ సొత్తుకు పురుడు పోసినట్టుంది.

నీ జ్ఞాపకశక్తి నాకు తెలుసు కాబట్టి మొదటి నుంచీ రాస్తాను. రెండేళ్ళని చెప్పి రెండువేల ఒకటిలో పోయావు. రెండేళ్ళు నిండాయి, నీకు బదులు సామాన్లు రావడం మొదలైంది. వచ్చినవాడి చేతికల్లా ఏదో ఒకటి ఇచ్చి పంపేవాడివి. ఒళ్ళు మండి, మన మడిలో నాటు వేస్తూ ఈ పాట కట్టాను.

అత్తరు సీస అచ్చె, ఆకుపచ్చ లుంగి అచ్చె,
దుప్పటి అచ్చె ముత్యమా, నువ్వు రాకపోతివి.
మీసాల ఫోటో అచ్చె, మిఠాయి డబ్బ అచ్చె,
మాట అచ్చె ముత్యమా, మనిషి రాకపోతివి.

ఆ రోజు మడిలో ఉన్నది నేనూ పాపాయమ్మా ఇద్దరమే. నాకు వంత పాడింది ఆమే. మూడో మనిషికి వినిపించలేదు. మొగుడి పేరు నోటితో ఎత్తని కోడలు పాటలో ఎత్తిందని మీ అమ్మకు తెలిస్తే నన్ను బతకనిచ్చేదా? తరవాత ఒకే ఒక్కసారి పాడాను, నీకు పంపిన టేపులో. అప్పుడు ఇంటింటా అదే అలవాటు కదా, రాయడం రానివాళ్ళూ వచ్చినవాళ్ళూ కూడా టేపులో మాట్లాడి పంపేవాళ్ళం. ఏడాది తిరక్కుండా కళాబృందం బాలన్న క్యాసెట్టులో నా పాట వచ్చింది. బాలన్నది పాపాయమ్మ తల్లిగారి ఊరు. ఇటు వచ్చినప్పుడల్లా ఆమె ఇంట్లో మంచినీళ్ళు తాగి పోయేవాడు. ఇంక ఎవరిచ్చారో అంజనం వేసి చూడాలా? ఆనాటి నుంచి ఇరవై ఒక్క ఏళ్ళు, దానితో నాకు మాటల్లేవు.

బాలన్న నీ పేరు తీసేసి 'బావయ్యో' అని పెట్టాడు. అట్ట మీద 'సేకరణ: బాలన్న' అని అచ్చు వేయించాడు. బజార్లో పడి ఉంటే ఏరుకొచ్చాడు కాబోలు. ఆ తరవాత లక్ష్మిప్రసన్న అనే ఆవిడ వయొలిన్లు పెట్టి పాడింది. ఆవిడ పాడుతుంటే మొగుడు దుబాయికి పోయినట్టు లేదు, మొత్తానికే పోయినట్టుంది. మొన్నమొన్న సత్యకుమారి అనే పిల్ల యూట్యూబులో పాడుతూ ఆడింది. మడిలో ఆడింది, పాదానికి బురద లేదు. మొగుడు రాలేదని అంతగా నవ్విన ఆడదాన్ని నేనింతవరకు చూడలేదు. ఇప్పుడు డీజే వాళ్ళ చేతిలో పడింది. మల్లిక ఆడబిడ్డ పెళ్ళిలో పెళ్ళికొడుకు ఊరేగింపుగా వస్తుంటే, ముందర 'నువ్వు రాకపోతివి' అని దరువేసి ఎగిరారు. వచ్చినవాడి ముఖం మీదే.

ఇవన్నీ ఓర్చాను. కానీ మన ఊళ్ళో, నా కళ్ళ ముందు, అది మడిలో దిగి నా పాట నాదని పాడితే ఓర్వను. నా దగ్గర సాక్ష్యం లేదు. నీ దగ్గర ఉంది. ఆ టేపు పంపు. బాలన్న క్యాసెట్టు కన్నా ముందుదని, అందులో ఉన్నది నా గొంతని నలుగురికీ వినిపిస్తాను.

వినోద.


హిద్,
14 మార్చి 2025.

వినోదకు,

నీ ఉత్తరం అందింది. గంగాప్రసాద్ ఇస్తూ, "వదిన రాసిందంటే మంచి ముచ్చట కాదు, అన్నం తిన్నంక చదువు" అన్నాడు. అతని మాట విననందుకు ఆ పూట అన్నం దిగలేదు.

ఇది రంజాన్ నెల. డ్యూటీ తక్కువ, అందుకే రాయడానికి తీరింది. పోర్టు దగ్గర కొత్త గోదాముల పని నడుస్తోంది. షట్టరింగ్‌లో ముప్పై మంది ఉంటే పని తెలిసినవాళ్ళు ఏడుగురు, మిగతావాళ్ళు 'యల్లా యల్లా' అని తొందరపెట్టడం మాత్రం నేర్చారు.

నీ పాట గురించి నీకు తెలియని సంగతి ఒకటి. నాలుగు నోళ్ళని లెక్క రాశావు, ఐదో నోరు ఇక్కడ ఉంది. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో తెలుగు క్రైస్తవులు శుక్రవారం ప్రార్థన పెట్టుకుంటారు. ఊరి నుంచి రాగానే గంగాప్రసాద్ నన్నూ లాక్కుపోయాడు. అతనికి దేవుడి మీద కన్నా ప్రార్థన తరవాతి భోజనం మీద భక్తి. అక్కడ సమూయేలు అని భీమవరం వైపు డ్రైవరు, నీ బాణీలో 'వైద్యుడు రాకపోయె, బంధువు రాకపోయె, నా కొరకు యేసయ్యా నీవు వచ్చితివి' అని పాడాడు. నడుమ అందరూ అనే ఆ 'హుష్ హుష్' కూడా వదల్లేదు. అదేమిటండీ అంటే, సాతానును తరమడం అన్నాడు. నిజం చెప్పాలంటే మిగతా అందరికన్నా అతనే బాగా పాడాడు. రికార్డు చేసి ఫోన్లలో పంచుతున్నారు కూడా.

టేపు సంగతి. క్యాంపు మూడుసార్లు మారాను, ఎక్కడ పడిందో. ఉన్నా బూజు పట్టి ఉంటుంది. అయినా ఇప్పుడు ఎందుకు ఈ గొడవ? ముసలివాళ్ళం కాబోతున్నాం. ఆమె పాడితే పాడనీ. పాట పాడితే అరిగిపోతుందా?

పాపాయమ్మ కొడుకు మల్లేష్ బాగున్నాడు. సీఫ్‌లో మాల్ క్లీనింగ్‌కు సూపర్‌వైజర్ అయ్యాడు. శుక్రవారం శుక్రవారం నా దగ్గరికే వచ్చి తింటాడు. తల్లితో మాట్లాడడు కానీ ఆమె ఊరివాడినని నన్ను మాత్రం కాకా కాకా అని వదలడు. పాపాయమ్మ పేరు ఎత్తితే లేచిపోతాడు కనుక నేనూ ఎత్తను. ఖలాస్, ఆ సంగతి మనకొద్దు.

ముత్యం.


చిట్టాపూర్,
10 ఏప్రిల్ 2025.

మల్లిక వాళ్ళ నాయినకు,

టేపు ఎక్కడ పడిందో తెలియదా? పోయినసారి సెలవులో కల్లు తాగిన పూట, "నీ టేపు నా పెట్టెల బట్టల కింద ఉన్నది, సచ్చేదాక ఉంటది" అని చెప్పింది ఎవరు? కల్లు దిగాక టేపు కూడా దిగిపోయిందా? ఇటు నా దగ్గర ఒకటి, అటు ఊరి దగ్గర ఒకటి చెప్పడం నీకు అలవాటే. నిన్ను షట్టరింగ్ మేస్త్రీని చేసినవాడు మంచి పని చేశాడు. పైన ఏం పోసినా లోపల ఖాళీ కనపడకుండా చెక్కలు కొట్టడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య.

పాట పాడితే అరుగుతుందా అని నీతి చెప్పావు. నీ జీతం కాగితం మీద పక్కవాడి పేరు రాసినప్పుడు నీ యజమాని కఫీల్‌కు ఈ నీతి చెప్పు.

ఇంకొకటి. ఆ 'హుష్ హుష్'. నేను కట్టిన పాటలో అది లేదు. 'మనిషి రాకపోతివి' దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఒక్కరూ ఆగి హుష్ హుష్ అనేసి, మళ్ళీ ఎత్తుకుంటారు. బాలన్న డప్పు కొట్టి అన్నాడు. లక్ష్మిప్రసన్న అయితే ఆ హుష్‌ను ఎంత సాగదీసిందంటే సైకిల్ ట్యూబులో గాలి పోయినట్టుంది. సత్యకుమారి అక్కడ నడుం తిప్పింది. టీవీలో ఒక పెద్దమనిషి కండువా సర్దుకుని, పల్లె స్త్రీ తన దుఃఖాన్ని పక్షిలా ఎగరగొట్టే అపురూపమైన ఘట్టం ఇదని అరగంట చెప్పాడు. నా దుఃఖం గురించి నాకు తెలియని సంగతులు ఆయనకు చాలా తెలుసు. ఇప్పుడు మీ సమూయేలు దానితో సాతానును తరుముతున్నాడు. అంత అక్కరలేని ముక్కను పాపాయమ్మే అతికించి ఉంటుంది. దొంగిలించినా ఉన్నదున్నట్టు దొంగిలించడం చేతకాలేదు దానికి.

టేపు పంపినా పంపకపోయినా నేను ఊరుకోను. షూటింగ్ నాడు నేనూ మడి గట్టు మీదికి పోతాను. కెమెరాలు తిరిగేటప్పుడే అడుగుతాను. "ఏమే, ఈ పాటల 'ముత్యమా' అని ఉండె. నీ మొగని పేరు ముత్యమా?" అని అందరి ముందర అడుగుతాను. ఇంకా చాలా అడుగుతాను. నా నోటి సంగతి నీకు తెలుసు. ఆ తరవాత అది ఈ ఊళ్ళో తల ఎత్తుకుని తిరగదు.

వినోద.


హిద్,
9 మే 2025.

వినోదకు,

నువ్వు అంత పని చేయకు. వయసు మీద పడ్డ మనిషిని, మొగుడు పోయి, ఉన్న ఒక్క కొడుకూ దగ్గర లేని మనిషిని నలుగురిలో నిలబెట్టి అడగడం మంచిది కాదు. మల్లేష్ ఇక్కడ ఫోన్లో అన్నీ చూస్తాడు. వాడికి ఇప్పటికే తల్లి మీద మనసు విరిగి ఉంది. ఇదీ చూస్తే ఇంక అతకదు. నా మాట మీద గౌరవం లేకపోతే పోనీ, వాడి ముఖం చూసి ఊరుకో.

నీకు కోపం వస్తే ముందూ వెనకా చూడవు. ఎవరి తప్పు ఎవరి మీద వేస్తున్నావో కూడా చూసుకోవు. ఇప్పుడు ఆ హుష్ సంగతే తీసుకో. దానికీ పాపాయమ్మకూ ఏం సంబంధం? వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీదికి కోడి వస్తే నువ్వే పాట ఆపి హుష్ హుష్ అని తరిమావు. అది కూడా పాటే అనుకున్నాడు బాలన్న. వాడి తెలివి అంతటిది. వాడిని చూసి మిగతావాళ్ళు, వాళ్ళను చూసి టీవీ పెద్దమనిషి. కోడి సంగతి తెలిసి ఉంటే దానికీ ఒక కండువా కప్పేవాళ్ళు. దీనికి పాపాయమ్మను తిట్టి ఏం లాభం?

ఇక్కడ ఎండలు ముదిరాయి. మల్లిక నీళ్ళోసుకుందని విని సంతోషించాను. పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

ముత్యం.


చిట్టాపూర్,
25 మే 2025.

ముత్యానికి,

పేరు పెట్టి పిలిచాననుకోకు. మల్లికకు ఇంత పిరికివాడు తండ్రి అని కాగితం మీద రాయడానికి మనసొప్పలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివి వాకిట్లో కూర్చున్నాను. మిరపకాయలు, కోడి. నిజమే. నాకే గుర్తులేదు, నువ్వు రాశాక గుర్తొచ్చింది. ఆ రోజు గంగాప్రసాద్ వాళ్ళ అన్న ప్రయాణమై వాకిట్లో నిలబడి తొందర పెడుతున్నాడు. పాడుతూ కోడిని తరిమి, పాట ముగించి, మళ్ళీ విని చూసుకునే తీరిక కూడా లేక టేపు అతని చేతిలో పెట్టాను. మడిలో పాపాయమ్మతో పాడినప్పుడు కోడి లేదు, మిరపకాయలు లేవు, హుష్ లేదు. టేపు నింపిన రోజు పాపాయమ్మ ఊళ్ళోనే లేదు, చెల్లెలి పెళ్ళికి పోయింది. ఆ హుష్ ఈ లోకంలో ఒక్కచోటే ఉంది. నా టేపులో.

మరి బాలన్నకు ఎలా తెలిసింది?

తప్పించుకునే మాటలు వద్దు. నీ పని, ఎండ, సమూయేలు ఏవీ వద్దు. జరిగింది జరిగినట్టు ఒక్క కాగితం నిండా రాయి. టేపు కూడా పంపు.

వినోద.


హిద్,
13 జూన్ 2025.

వినోదకు,

రాస్తున్నాను.

అప్పుడు మా రూములో పన్నెండు మందిమి. అందరికీ ఇళ్ళ నుంచి టేపులు వచ్చేవి. శుక్రవారం అన్నాలు తిన్నాక ఒక్కొక్కరి టేపు వేసుకుని వినేవాళ్ళం. దాచుకోవడానికి గోడలు ఎక్కడివి? ప్రతి టేపులోనూ ఏడుపే. ఒకడి తల్లి ఏడుస్తుంది, ఒకడి పెళ్ళాం ఏడుస్తుంది, చివర్లో పిల్లల చేత నాయినా అనిపిస్తారు, విన్న వాడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. అలాంటి చోట నీ టేపు వేశాను. మాటలయ్యాక పాట వచ్చింది. నువ్వు నన్ను తిడుతున్నావు. పన్నెండు మంది నవ్వీ నవ్వీ మళ్ళీ వేయమన్నారు. "నీ ఇంటామె గట్టిది ముత్యం" అన్నారు. నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. గర్వంగా ఉంది. ఆ రోజు నాలుగుసార్లు వేశాను. తరవాత ప్రతి శుక్రవారం వేశాను.

మెట్‌పల్లి లచ్చన్న దగ్గర రెండు క్యాసెట్లు పట్టే డబ్బా ఉండేది. పాట వరకు ఎక్కించుకుంటానని అడిగాడు. ఎక్కించుకో అన్నాను. నాకు తెలియకుండా దొంగిలించాడని రాస్తే నాకు బాగుండేది కానీ అడిగాడు, నేనే ఇచ్చాను. ఆ ఏడాది చివర్లో అతను పని ఖలాస్ చేసుకుని ఇంటికి పోయాడు. బాలన్న అతని బావమరిది.

క్యాసెట్టు వచ్చినప్పుడు నువ్వు ఎవరినో అనుమానిస్తున్నావని నాకు తెలియదు. ఐదేళ్ళకు, రెండువేల ఆరులో మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు, నువ్వు పాపాయమ్మ ఇంటి వైపు చూడకుండా నడిచావు. అడిగితే చెప్పావు. అప్పుడే చెప్పాలి. ఐదేళ్ళకు దొరికినవి నలభై రోజులు. అవి కూడా నీతో తగవు పడి పోగొట్టుకోవాలా అనుకున్నాను. పోయే ముందు చెబుదామనుకున్నాను. పోయే ముందు నువ్వు ఏడుస్తున్నావు. ఆ తరవాతి సెలవుకు పాపాయమ్మ పేరు మన ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తనిదాన్ని నేనెందుకు ఎత్తాలి అనుకున్నాను. ఇద్దరు ఆడవాళ్ళ మాటా మాటా పట్టింపు, పోనీలే అని సర్దుకున్నాను.

నువ్వు పిరికివాడివని రాశావు. తక్కువే రాశావు. అది జరిగాక నువ్వు మళ్ళీ నాకు పాట పంపలేదు. ఇంట్లో కూనిరాగం తీయడం కూడా నేను వినలేదు.

సమూయేలు రేపు సెలవు మీద పోతున్నాడు. ఉత్తరం, టేపు కలిపి అతనికిస్తున్నాను. హైదరాబాదులో దిగి కొరియర్ చేస్తాడు.

ముత్యం.


చిట్టాపూర్,
28 జూన్ 2025.

మల్లిక వాళ్ళ నాయినకు,

టేపు వచ్చింది. దాన్ని పాడించే యంత్రం ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ లేదు. చేత పట్టుకుని పాపాయమ్మ ఇంటికి పోయాను. నారు కోసం మొలకెత్తడానికి మండె కట్టిన వడ్ల మీద నీళ్ళు చల్లుతోంది. "పాపాయమ్మా" అన్నాను.

"ఈసారి ఏం దొంగతనం జేసిన?" అంది, తల ఎత్తకుండానే.

నిలబడే అంతా చెప్పాను. నీ రూము, లచ్చన్న, బాలన్న, కోడి. విన్నంతసేపూ నీళ్ళు చల్లుతూనే ఉంది. నేను చెప్పడం అయ్యాక చెంబు కింద పెట్టి, "పాట సంగతి ఇడువు. నల్ల కాడ నువ్వన్న మాట సంగతేంది?" అంది.

ఆ మాట నీకు తెలియదు. నీ గుట్టు నువ్వు దాచినట్టే నా గుట్టు నేను దాచాను. బాలన్న క్యాసెట్టు వచ్చిన వారంలో, నల్ల దగ్గర పదిమంది ఆడవాళ్ళు ఉండగా, "బాలన్నకు పాట ఉత్తగనే ఇచ్చిందా? ఇంకేమేం ఇచ్చిందో" అన్నాను. అందరూ నవ్వారు. బాగా అన్నాననుకుని బిందె ఎత్తుకుని వచ్చేశాను. నా నోరు ఆ ఒక్క మాటతోనే ఊరుకుందని కూడా చెప్పలేను. నవ్వేవాళ్ళు ఉన్నంతకాలం అన్నాను.

ఆ మాట ఆమె మొగుడి చెవికి పోయింది. కొట్టలేదట, తిట్టలేదట. ఆమె చేతి అన్నం తినడం మానేశాడట. వేరే పొయ్యి పెట్టుకుని తనే వండుకున్నాడట. ఏడాది తరవాత జ్వరం పడితే, ఆమె నోటి దగ్గర పెట్టిన నీళ్ళు కూడా తాగకుండా గోడ వైపు తిరిగాడట. అలాగే పోయాడు. దినాలు కాగానే అత్త వచ్చి, "నీ నీడల పోరడు చెడిపోతడు" అని మల్లేష్‌ను తీసుకుపోయింది. వాడికి పదేళ్ళు. పిల్లవాడు నానమ్మ దగ్గర చదువుకోవడానికి పోయాడని ఊరు అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవడం సులువుగా ఉండింది.

"నేనియ్యలే అని నీ కాళ్ళు వట్టుకున్న. యాదికున్నదా?" అంది. గుర్తుంది. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

షూటింగ్‌కు ఎందుకు ఒప్పుకుందో కూడా చెప్పింది. ఛానల్ వాళ్ళు పాపాయమ్మ ఇంటికే ఎందుకు పోయారని నేను మండిపడ్డాను కదా. పాపాయమ్మే ఇచ్చింది అని ఊరంతా ఇరవై ఏళ్ళు చాటింది నేనే. ఊరు వాళ్ళకు అదే చెప్పింది. ఆమె మొదట రానని అందట. తరవాత, "నా కొడుకు ఫోన్ల చూస్తడు గదా అనుకున్న. పాట పాడినంక, బిడ్డా, నీ అవ్వ ఏ తప్పు జెయ్యలేదని ఒక్క మాట అందామనుకున్న. కెమెరా ముంగటనన్న నమ్ముతడేమో" అంది. నేను గట్టు మీద నిలబడి ఆమెను ఏమేం అడగాలో అప్పటికే ఒకటికి పదిసార్లు చెప్పుకుని పెట్టుకున్నాను.

టేపు ఆమె ముందు పెట్టాను. పాట నువ్వే పాడు, నీదే అనుకో అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అన్నాక తెలిసింది. "నీ పాట నాకెందుకు? నా కొడుకుకు చెప్పుమను నీ మొగన్ని. ఫోన్ల కాదు, ఉత్తరంల కాదు. ఎదురుంగ కూసుండి చెప్పుమను" అంది. అని మళ్ళీ చెంబు తీసుకుంది.

ఆ ఐదుగురు పాడినవాళ్ళను నేను ఎంత ఎగతాళి చేశాను. వాళ్ళు నా కోడిని పాట అనుకున్నారు, అంతే. ఇల్లు కూల్చింది మనమిద్దరం. చెప్పవలసినది చెప్పని నోరు నీది, చెప్పకూడనిది చెప్పిన నోరు నాది. ఇన్నేళ్ళు ప్రతి శుక్రవారం ఆ పిల్లవాడికి అన్నం పెట్టి మంచివాడివి అనిపించుకున్నావు. ఆ ముద్ద వాడి గొంతులో ఎలా దిగిందో కాదు, నీ గొంతులో ఎలా దిగిందో నాకు అర్థం కాదు.

జూలై ఇరవైన షూటింగ్. ఆ లోపు చెప్పు. చెప్పకపోతే నాకు ఫోన్ చేయకు. తిన్నావో లేదో నాకు అక్కర్లేదు.

వినోద.


హిద్,
11 జూలై 2025.

వినోదకు,

శుక్రవారం వాడు వచ్చేదాకా ఆగితే రూములో నలుగురు ఉంటారు, నలుగురు ఉంటే నేను మళ్ళీ తప్పించుకుంటాను. అందుకని మంగళవారమే సీఫ్ పోయాను. ఎండలకు పన్నెండు నుంచి నాలుగు దాకా బయటి పని బంద్ కాబట్టి వీలు దొరికింది. మాల్ వెనక సామాన్ల లారీలు ఆగే చోట వాళ్ళు అన్నం తినే మూల ఒకటి ఉంది. మల్లేష్ నన్ను చూసి ఎంతో సంతోషించి, తన టిఫిన్‌లో సగం మూతలో పెట్టి ఇచ్చాడు.

తినకముందు చెబుదామనుకున్నాను. తిన్నాక అనుకున్నాను. తింటుండగా చెప్పాను. పాట నేనిచ్చాననీ, తల్లికి ఏమీ తెలియదనీ, ఆమె మీద వేసిన నింద మా ఇంట్లోనే పుట్టిందనీ చెప్పాను. నీ మాట కూడా చెప్పాను. నా తప్పు ఒక్కటే చెబితే వాడికి సగమే అర్థమవుతుంది. అరిచి కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"కాకా, నా పెండ్లికి ఆమెను పిలువలే" అన్నాడు. ముద్ద మళ్ళీ టిఫిన్‌లో పెట్టి, "నాకు బిడ్డ పుట్టిందని కూడా ఆమెకు చెప్పలే" అన్నాడు. ఆ తరవాత, "గిది కడుపుల పెట్టుకొని నా తోటి ఎట్ల తిన్నవ్?" అని అడిగాడు. నువ్వు అడిగిన మాటే.

తల్లి నంబరు వాడి దగ్గర లేదు. అందుకే అప్పుడు నీకు ఫోన్ చేశాను. ఎందుకని అడగకుండా నువ్వు నంబరు చెప్పి పెట్టేశావు. వాడు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఆ నంబరు కొట్టి, నాకూ వినపడేలా పెట్టాడు.

"ఎవలు?" అంది పాపాయమ్మ.

"నేను, మల్లేష్‌ను."

"ఏ మల్లేషు బిడ్డా?"

వినోదా, ఆమె ఊరికే అడిగింది. మన ఊళ్ళో నలుగురు మల్లేష్‌లు ఉన్నారు కదా. పదేళ్ళ పిల్లవాడి గొంతు తప్ప ఆమె వాడి గొంతు ఎన్నడూ వినలేదు. వాడు ఫోన్ నా చేతిలో పెట్టి ముఖం గోడకు తిప్పుకున్నాడు.

"నేను ముత్యాన్ని, పాపాయమ్మ చెల్లే" అన్నాను. "మాట్లాడింది నీ కొడుకే. అంతా చెప్పిన. పాట నేనిచ్చిన. తప్పు నాది."

తిడుతుందని ఎదురుచూశాను. ఇరవై ఒక్క ఏళ్ళకు ఒక్క తిట్టయినా నాకు రావాలి కదా.

"నువ్వు జరుగు. ఫోను నా కొడుక్కియ్యి" అంది.

ముత్యం.